నొప్పి ఉన్న చోట చేయి

రంజాను చివరి పది రోజులు వచ్చాయంటే మైలవరంలో కుట్టుపని చేసే మన ఇళ్ళలో మిషను చప్పుడు సహరీ వేళ దాకా ఆగదు. పండుగకు ముందే బట్టలు ఇచ్చెయ్యాలి. పగలు ఉపవాసం, సాయంత్రం ఇఫ్తార్ వంట, తరావీహ్ తరువాత మళ్ళీ కత్తెర, సూది, దారం. చాంద్‌రాత్ నాడు గోరింటాకు కోను పట్టిన అమ్మాయిల వేళ్ళకు తెల్లవారే దాకా విరామం ఉండదు. నలుగురికీ పండుగ కళ తెచ్చిపెట్టిన ఆ చేతులే పండుగ నాడు నొప్పితో బాధపడుతుంటాయి.

ఆ మధ్య అలాంటి ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళాము. ఇరవై ఏళ్ళకు పైగా కుట్టుపనితో సంసారాన్ని నెట్టుకొచ్చిన ఖాలా ఆమె. కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి. రాత్రిపూట వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు రోజుకు రెండు చొప్పున వాడుతున్నారు. గోడకు ఒక అరచేయి పటం తగిలించి ఉంది. అందులో వేలికొసన మెదడు, అరచేతి నడుమ మూత్రపిండం, చిటికెనవేలి దిగువన గుండె రంగురంగుల చుక్కలతో గుర్తించి ఉన్నాయి. పటంతోపాటు స్ప్రింగులా ఉన్న ఒక ఇనుప ఉంగరం కూడా అమ్మారట.

"ఇక్కడ నొక్కితే మూత్రపిండం, ఇక్కడ నొక్కితే గుండె బాగవుతాయని చెప్పారు బేటా. రోజూ నొక్కితే షుగరు మాత్రలు కూడా మానెయ్యవచ్చునట. మానెయ్యనా?" అని ఆమె అడిగారు.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానమే. చేతిని నొక్కి ఉపశమనం పొందే పద్ధతిలో నిజమైన మేలు ఉంది. ఆ మేలుకు ఒక హద్దు కూడా ఉంది. రెండింటినీ తెలుసుకున్నవారికే అది ఉపయోగపడుతుంది.

ఇది ఎక్కడి విద్య?

శరీరంపై కొన్ని నిర్దిష్ట స్థానాలను వేలితో నొక్కి బాధను తగ్గించే పద్ధతిని అక్యుప్రెషర్ అంటారు. ఇది ప్రాచీన చైనా వైద్యానికి చెందినది. అవే స్థానాలలో సన్నని సూదులు గుచ్చితే అది అక్యుపంక్చర్. మన దేశానికి అక్యుపంక్చర్ వచ్చిన తీరు ఆసక్తికరమైనది. 1938లో చైనా ప్రజలకు సాయంగా మన దేశం నుండి వెళ్ళిన అయిదుగురు వైద్యులలో షోలాపూర్‌కు చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ ఒకరు. ఆయన 1942లో అక్కడే మరణించారు. అదే బృందంలోని డాక్టర్ బి.కె.బసు 1950ల చివరలో మళ్ళీ చైనా వెళ్ళి, ఈ విద్యను అభ్యసించి కలకత్తాకు తెచ్చారు. 2019లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ అక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా విధానంగా గుర్తించింది.

ఖాలా ఇంటి గోడపై ఉన్న పటం మాత్రం చైనాది కాదు. అది రిఫ్లెక్సాలజీ అనే వేరొక పద్ధతికి చెందినది. అమెరికాకు చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు విలియం ఫిట్జ్‌గెరాల్డ్ శరీరాన్ని తల నుండి పాదం వరకు పది నిలువు భాగాలుగా ఊహించి, చేతివేళ్ళను నొక్కితే ఆయా భాగాలలో నొప్పి తగ్గుతుందని ప్రతిపాదించాడు. ఆయన గ్రంథం 1917లో వెలువడింది. 1930లలో యూనిస్ ఇంగమ్ అనే మహిళ ఆ ఆలోచనను పెంపొందించి, అవయవాలను గుర్తించే పటాలను తయారు చేసింది. వేల ఏళ్ళ విద్య అని చెప్పి అమ్మే పటం వయస్సు నిజానికి సుమారు నూరేళ్ళే.

ఒత్తడం, మర్దించడం మన తిబ్బ్ సంప్రదాయానికీ కొత్త కాదు. యునానీ వైద్యంలో దీనిని దల్క్ అంటారు. ఇబ్నె సీనా (980–1037) తన వైద్య గ్రంథం అల్ ఖానూన్‌లో గట్టి మర్దన, మెత్తని మర్దన, దీర్ఘమైన మర్దన, మధ్యస్థమైన మర్దన అని విభజించి వేటి ప్రభావం ఏమిటో వివరించారు. గట్టి మర్దన శరీరాన్ని బిగిస్తుందనీ, మెత్తనిది సడలిస్తుందనీ ఆయన అభిప్రాయం. ఎంత గట్టిగా నొక్కితే అంత మేలనుకునే నేటివారు ఈ తేడాను గమనించాలి.

నొక్కితే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

పసివాడు పరుగెత్తుతూ గడపకు మోకాలు కొట్టుకుంటే తల్లి చేసే మొదటి పని ఆ చోటును చేత్తో రుద్దడం. వాడి ఏడుపు క్షణంలో తగ్గుతుంది. ఇది తల్లి ప్రేమ మాత్రమే కాదు. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. నొప్పి సంకేతం వెన్నుపాము ద్వారా మెదడుకు చేరుతుంది. స్పర్శ సంకేతమూ ఆ దారినే వెళుతుంది. వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శ, ఒత్తిడి సంకేతాలు చేరినప్పుడు అది నొప్పి సంకేతాలను కొంతవరకు అడ్డుకుంటుందనీ వారు సిద్ధాంతీకరించారు. తరువాతి పరిశోధనలు దానిలోని వివరాలను కొంత సవరించాయి గాని, స్పర్శ నొప్పిని అణచగలదన్న మూలసూత్రం నిలిచింది.

దీనికి మరికొన్ని కారణాలు తోడవుతాయి. బిగుసుకున్న కండరం సడలుతుంది. నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ అయిదు నిమిషాలు కూర్చోవడమే శ్రమించే స్త్రీకి అరుదైన విశ్రాంతి. తనను ఒకరు పట్టించుకుంటున్నారన్న తృప్తి కూడా నొప్పిని తేలిక చేస్తుంది. వీటిలో దేనినీ తక్కువగా చూడనక్కరలేదు.

పరిశోధనల మాటేమిటి? మణికట్టు లోపలి వైపున ఉన్న ఒక స్థానం గురించి అన్నిటికంటే ఎక్కువ అధ్యయనాలు జరిగాయి. శస్త్రచికిత్స తరువాత వచ్చే వికారం, వాంతులపై దాని ప్రభావాన్ని పరిశీలించిన 59 అధ్యయనాలను, అంటే 7,667 మంది వివరాలను, 2015లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. ఉత్తుత్తి చికిత్సతో పోల్చితే ఆ స్థానాన్ని ప్రేరేపించినవారిలో వికారం, వాంతులు తగ్గాయని తేలింది. అయితే ఆ అధ్యయనాలలో చాలావాటి నాణ్యత గొప్పది కాదని కూడా సమీక్షకులు స్పష్టం చేశారు. దీర్ఘకాలిక నడుము నొప్పి విషయంలో, రోజూ స్వయంగా అక్యుప్రెషర్ చేసుకున్నవారికి కొంత ఉపశమనం కలిగిందని అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ఒక చిన్న అధ్యయనంలో తెలిపారు. ఆశ కలిగించే ఫలితాలే గాని, అద్భుతాలు కావు.

పటంలో చుక్క ఉన్నంత మాత్రాన

అరచేతి నడుమ నొక్కితే మూత్రపిండం బాగుపడుతుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు. అరచేతి చుక్కకూ మూత్రపిండానికీ నేరుగా సంబంధం కలిపే నరం గాని, రక్తనాళం గాని శరీర నిర్మాణ శాస్త్రంలో కనబడదు. రెండు వేర్వేరు పటాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే అవయవానికి రెండు వేర్వేరు చోట్ల చుక్కలుంటాయి. అరచేయి నొక్కి "మీకు గుండె జబ్బు ఉంది", "మీ కాలేయం చెడింది" అని చెప్పేవారి మాట నమ్మి భయపడవద్దు. అలాగే "మీకేమీ లేదు" అన్న మాట నమ్మి నిశ్చింతగానూ ఉండవద్దు. రెండవది మొదటిదానికంటే ప్రమాదకరం.

మన ప్రాంతంలో దీన్ని గట్టిగా చెప్పవలసిన అవసరం ఉంది. మైలవరం నుండి తిరువూరు వెళ్ళే దారిలోని ఎ.కొండూరు మండలంలో, ముఖ్యంగా తండాలలో, మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో అందరికీ తెలిసిందే. ఈ జబ్బు తొలిదశలో నొప్పి పుట్టించదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. అరచేయి నొక్కి దాన్ని కనిపెట్టలేము. నయం చేయనూ లేము.

ఇక్కడే మరొక మాట. వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి ఈ కోవలోనివే. బీపీ, షుగరు ఉన్నవారికీ, పెద్ద వయసువారికీ, ఎండలో పనిచేసి తగినన్ని నీళ్ళు తాగనివారికీ ముప్పు ఇంకా ఎక్కువ. మామిడి కోతల కాలంలో తోటల్లో పనిచేసి వచ్చి, ఒళ్ళు నొప్పులకు మాత్ర వేసుకుని పడుకునే అలవాటు మన పల్లెల్లో ఉంది. చేతితో ఒత్తుకోవడం వల్ల వారానికి రెండు మాత్రలు తగ్గినా అది గొప్ప లాభమే. చేతి వైద్యానికి మేము ఇచ్చే విలువ ఇదే. అది షుగరు మాత్రకు బదులు కాదు. అనవసరంగా మింగే నొప్పి మాత్రను తగ్గించే సాధనం.

ఇంట్లో చేసుకోదగినవి

గోళ్ళు కత్తిరించుకుని, చేతులు కడుక్కుని, హాయిగా కూర్చోవాలి. బొటనవేలి మెత్తని భాగంతో నొక్కాలి. ఉండీ లేనట్టుండే తీయని నొప్పి తెలిసేంత ఒత్తిడి చాలు. ఒక్కో చోట ఒకటి రెండు నిమిషాలు, నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతూ నొక్కాలి. రోజుకు రెండు మూడు సార్లు చేసుకోవచ్చు.

మొదటిది, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉన్న కండ. రెండు వేళ్ళనూ దగ్గరకు చేర్చినప్పుడు ఉబికే చోట ఈ స్థానం ఉంటుంది. చైనా వైద్యులు దీనిని హెగు అంటారు. తలనొప్పికీ, పంటినొప్పికీ దీనిని నొక్కుతారు. పంటినొప్పి కాస్త తగ్గినా దంతవైద్యుని దగ్గరకు వెళ్ళవలసిందే. గర్భవతులు ఈ స్థానాన్ని నొక్కకూడదని ఆ సంప్రదాయమే హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరికను పాటించడమే మేలు.

రెండవది, మణికట్టు లోపలి వైపు. మణికట్టు ముడత మీద ఉంగరపు వేలు ఆనేలా రెండవ చేతి మూడు వేళ్ళను అడ్డంగా పెట్టండి. చూపుడువేలు ఆనిన చోట, తాళ్ళలా తగిలే రెండు కండర బంధాల నడుమ ఉన్నదే నైగ్వాన్. కాక్రేన్ సమీక్ష చెప్పిన స్థానం ఇదే. బస్సు ప్రయాణంలో కడుపులో తిప్పేవారు బయలుదేరేముందు, దారిలోనూ దీనిని నొక్కి చూడవచ్చు.

మూడవది, మణికట్టు ముడత మీదే చిటికెనవేలి వైపు చివరన ఉన్న చిన్న గుంట. దీనిని షెన్‌మెన్ అంటారు. ఆందోళనకూ, నిద్ర పట్టకపోవడానికీ దీనిని వాడతారు. ఇషా నమాజు తరువాత సెల్‌ఫోను పక్కన పెట్టి, దీపం తగ్గించి ఈ చోటును మెల్లగా నొక్కుకోండి. సగం మేలు ఒత్తిడిది, సగం ఫోను పక్కన పెట్టినదానిది అనుకున్నా నష్టం లేదు.

నాలుగవది పని చేసే చేతికే చేయవలసిన సేవ. కుట్టేవారు, రొట్టెల పిండి పిసికేవారు, గోరింటాకు పెట్టేవారు, దగ్గరలోని కొండపల్లిలో పొణికి చెక్కతో బొమ్మలు చెక్కేవారు, వీరందరి బొటనవేలి కిందనున్న బలిసిన కండ బిగుసుకుపోతుంది. గోరువెచ్చని నీటిలో చేతిని అయిదు నిమిషాలు ఉంచి, కొద్దిగా నూనె రాసి, ఆ కండను గుండ్రంగా ఒత్తండి. ఆ తరువాత ఒక్కొక్క వేలిని మొదలు నుండి కొస వరకు నెమ్మదిగా పట్టి వదలండి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి అరగంటకు ఒకసారి కత్తెర కింద పెట్టి వేళ్ళు పూర్తిగా చాచి ముడవడం.

ఇనుప ఉంగరం వాడేవారు మెల్లగా, కొద్దిసేపే దొర్లించాలి. షుగరు వల్ల స్పర్శ తగ్గినవారు దానిని అసలు వాడవద్దు. చర్మం గీసుకుపోయినా తెలియదు, పుండు త్వరగా మానదు.

ఎప్పుడు నొక్కకూడదు?

వాపు, ఎరుపు, పుండు, విరిగిన ఎముక ఉన్న చోట నొక్కవద్దు. రక్తం పలుచబడే మందులు వాడేవారు గట్టి ఒత్తిడికి దూరంగా ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిపూట తిమ్మిరెక్కి, చేయి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. అలాంటివారు మణికట్టును ఇంకా ఒత్తితే బాధ పెరగవచ్చు. రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ వేసుకోవడం వంటి సులభమైన చికిత్సలు తొలిదశలో ఉపయోగపడతాయి. ఆలస్యమైతే బొటనవేలి కండ కరిగి పట్టు సడలుతుంది. కనుక ఎముకల వైద్యునికి చూపించాలి.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం, లేదా మూతి వంకర పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే అరచేతి పటం వెతకవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

మన విశ్వాసం ఏమంటుంది?

ఈ పద్ధతి గురించి మన ఇళ్ళలో కొన్ని సందేహాలు వినబడుతుంటాయి. చైనా వైద్యం 'చీ' అనే ప్రాణశక్తి శరీరంలో ప్రవహిస్తుందని భావిస్తుంది కదా, మనం దానిని పాటించవచ్చా అని కొందరు అడుగుతారు. కండరాన్ని నొక్కడానికి ఆ భావనను విశ్వసించనవసరం లేదు. ఇంతకుముందు చెప్పిన వివరణలో ఆ ఊసే లేదు. స్వస్థతనిచ్చేవాడు అల్లాహ్, ఒత్తిడి ఒక సాధనం మాత్రమే. అయితే జబ్బులు రాకుండా కాపాడుతుందన్న నమ్మకంతో అయస్కాంతపు ఉంగరమో, రాగి కడియమో ధరించడం వేరు విషయం. సాధనాన్ని వాడుకోవచ్చు గాని దానిపై భరోసా పెట్టుకోకూడదు.

పరపురుషుని చేత చేయి పట్టించుకోవడానికి సంకోచించే సోదరీమణులు ఉన్నారు. ఈ విద్యలోని సౌలభ్యమే అది. ఎవరి చేతిని వారే నొక్కుకోవచ్చు. ఇంట్లోని కూతురో, కోడలో, చెల్లెలో నొక్కవచ్చు.

వుజూ, సజ్దాలలో అక్యుప్రెషర్ స్థానాలు నొక్కుకుంటాయనీ, అందుకే నమాజు చేస్తే ఫలానా జబ్బులు పోతాయనీ సందేశాలు తిరుగుతుంటాయి. నమాజు అల్లాహ్ సన్నిధిలో దాసుని వినమ్రత. దాని గొప్పదనానికి చైనా పటం సాక్ష్యం అక్కరలేదు.

రోగానికి చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ప్రోత్సహించారు. అల్లాహ్ వృద్ధాప్యానికి తప్ప ప్రతి వ్యాధికీ మందు ఉంచాడన్న భావం గల హదీసు అబూదావూద్‌లో ఉంది. వైద్యం తెలియకుండా వైద్యునిగా వ్యవహరించినవాడే జరిగిన నష్టానికి బాధ్యుడన్న హదీసు కూడా అదే గ్రంథంలో ఉంది. నాలుగు రోజుల శిక్షణతో షుగరు మాత్రలు మానమని సలహా ఇచ్చేవారు ఈ రెండవ హదీసును గుర్తుంచుకోవాలి.

ఒంటి నొప్పితో బాధపడుతున్న హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)కు దైవప్రవక్త (స) చేసిన ఉపదేశం ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. నొప్పి ఉన్న చోట చేయి ఉంచి, మూడుసార్లు బిస్మిల్లాహ్ పలికి, ఏడుసార్లు ఆ బాధ కీడు నుండి అల్లాహ్ శరణు వేడుకోమన్నారు. చేయి నొప్పిని తాకుతుంది, మనస్సు ప్రభువు వైపు మళ్ళుతుంది. చేతిని నొక్కుకునే ఆ రెండు నిమిషాలు మనం ఇంతకంటే మేలుగా ఎలా గడపగలం?

ఖాలాకు మేము చెప్పినది

"నొక్కుకోండి ఖాలా, కానీ షుగరు మాత్రలు మానకండి. నొప్పి మాత్రలు మాత్రం ఇకమీదట డాక్టరును అడగకుండా వేసుకోకండి. రాత్రి తిమ్మిర్లకు ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి. క్రియాటినిన్ పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి" అన్నాము. అక్కడే ఇంటర్మీడియట్ చదివే మనుమరాలు కూర్చుని ఉంది. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా నాయనమ్మ కుడిచేయిని తన ఒళ్ళోకి తీసుకుని బొటనవేలి కండను ఒత్తసాగింది.

మన ఇళ్ళలో పెద్దల చేతులు, కాళ్ళు ఒత్తడం ఒకప్పుడు పిల్లలకు నిత్యకృత్యం. ఒత్తుతూ ఒత్తుతూ కథలు వినేవారు, దుఆలు నేర్చుకునేవారు. పెద్దలకు ఎక్కడ నొప్పిగా ఉందో ఇంట్లో అందరికంటే ముందు పిల్లలకే తెలిసేది. ఆ అలవాటు తిరిగి వస్తే పటాలు కొనవలసిన పని ఉండదు. ఈ రాత్రి ఇషా తరువాత మీ అమ్మీ చేయి ఒకసారి మీ చేతిలోకి తీసుకోండి. ఎక్కడ నొప్పిగా ఉందో అడగండి. ఒత్తండి. రేపు డాక్టరు దగ్గరకు వెళ్ళవలసి ఉంటే మీరే వెంట తీసుకువెళ్ళండి. మన పెద్దలకు అల్లాహ్ ఆరోగ్యాన్నీ, వారికి సేవ చేసే సద్బుద్ధిని మనకూ ప్రసాదించుగాక. ఆమీన్.